నోరులేని ప్రాణి సమ్మతి

భారతయుద్ధమున పదునాలుగవ దినము. సూర్యాస్తమయమునకు లోగా సైంధవుని వధింతును, లేనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసియున్నాడు. ద్రోణుడు పన్నిన వ్యూహమును చీల్చుకొని రథము చాల దూరము వచ్చినది. అయినను సైంధవుడు ఇంకను ఎంతో ఎడముగనే ఉన్నాడు. ప్రొద్దు వాలుచున్నది. అట్టి వేళ అర్జునుడు శ్రీకృష్ణునితో గుఱ్ఱములు బాణపు దెబ్బలు తిని అలసియున్నవనియు, వానిని విప్పి నాటుకొనిన బాణములను తీసినచో బాగుండుననియు పలికెను. తనకును అదియే తోచినదని స్వామి అంగీకరించెను.

అర్జునుడు రథము దిగి నేలపై నిలిచి, ఒక్కడే శత్రుసేనను అడ్డుకొనెను. గుఱ్ఱములకు త్రాగుటకు నీరు లేదని స్వామి చెప్పగా, అస్త్రముతో భూమిని భేదించి సరస్సును కల్పించెను. బాణములతోనే దానిచుట్టు ఒక శాలను అమర్చెను. జగన్నాథుడైన కృష్ణుడు ఆ శాలలో గుఱ్ఱములను విప్పి, వాని మేన నాటిన బాణములను తన చేతులతో పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాపి, నేలపై దొర్లనిచ్చి, మేత పెట్టి, అలసట తీరిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. కౌరవసేనలు ఆశ్చర్యముతో చూచుచు నిలిచిపోయినవి.

ద్రోణపర్వములోని ఈ ఘట్టమును చెప్పునపుడు పౌరాణికులు సాధారణముగ సరస్సు పుట్టిన మహిమను విస్తరించి, గుఱ్ఱముల సంగతిని ఒకటి రెండు మాటలలో ముగింతురు. అయితే ఆగి ఆలోచింపవలసినది గుఱ్ఱముల సంగతియే. ఆనాటి తొందరకు మించిన తొందర లోకములో లేదు. ఒక్కొక్క నిమిషము అర్జునుని ప్రాణముతో ముడిపడియున్నది. గుఱ్ఱములు ఆగుమని అడుగలేదు, అడుగజాలవు. కళ్లెము వదలియుండినచో అవి పడిపోవువఱకును పరుగెత్తియే యుండును. అవి చెప్పలేనిదానిని వాని తరఫున రథికుడు గుర్తించెను, సారథి ఒప్పుకొనెను.

ఇందుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. నోరులేని ప్రాణి మనము చెప్పిన పనిని కాదనక చేయుచున్నప్పుడు, దానిని సమ్మతిగా గ్రహింపవచ్చునా? నేడు యుద్ధరంగములలో గుఱ్ఱములు లేవు. పందెపు మైదానములలో మాత్రము ఉన్నవి. పిన్న వయస్సుననే శిక్షణకు దింపబడి, వెంటవెంట పరుగులు తీయింపబడు ఆ గుఱ్ఱముల కాళ్ల విషయములో ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగ నిలిచియున్నది.

గుఱ్ఱపు పందెములు ఆదినుండి పిల్లగుఱ్ఱముల పందెములు కావు. నేడు ప్రపంచమంతట పరుగెత్తు థరోబ్రెడ్ జాతికి పుట్టినిల్లు ఇంగ్లండు. తూర్పుదేశములనుండి తెచ్చిన మగగుఱ్ఱములకును, ఆ దేశపు గోడిగలకును పుట్టిన సంతతి అది. ఆ జాతిలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన ఎక్లిప్స్ అను గుఱ్ఱము 1764లో సూర్యగ్రహణము నాడు పుట్టినందున ఆ పేరు పొందినది. అది మొదటిసారి పందెమునకు దిగినది 1769లో, అనగా అయిదేండ్ల ప్రాయమున. పదునెనిమిది పందెములలో ఒక్కదానిలోను ఓడలేదు. ఆ కాలపు పందెములు నాలుగేసి మైళ్ల పరుగులు; ఒకే దినమున పలుమార్లు పరుగెత్తవలసి వచ్చెడిది. ఎదిగిన గుఱ్ఱమునకు గాని అది సాధ్యము కాదు. నేటి థరోబ్రెడ్లలో అధికభాగము తండ్రివైపున ఆ ఎక్లిప్స్ వంశమునకే చెందును. అయిదేండ్లు వేచియున్న గుఱ్ఱపు మునిమనుమలు నేడు రెండేండ్లకే పరుగుకు దిగుచున్నవి.

ఈ మార్పు ఎక్లిప్స్ జీవించియుండగనే వచ్చినది. 1776లో సెయింట్ లెజర్, 1780లో డెర్బీ అను పందెములు మూడేండ్ల గుఱ్ఱములకొఱకు ఏర్పడినవి. 1786లో న్యూమార్కెట్టులో రెండేండ్ల గుఱ్ఱములకొఱకు జూలై స్టేక్స్ అను పందెము మొదలై నేటికిని జరుగుచున్నది. కారణము వెదకుటకు పెద్ద శాస్త్రము అక్కఱలేదు. గుఱ్ఱమును అయిదేండ్లు దాణా పెట్టి పోషించుటకంటె రెండేండ్లకే దించినచో పెట్టుబడి త్వరగా చేతికి వచ్చును. దూరము తగ్గినచో పిల్లగుఱ్ఱము కూడ పరుగెత్తగలదు. పందెములు పెరిగినచో పందెము కాయువారును పెరుగుదురు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమున 1957నుండి జరుగుచున్న గోల్డెన్ స్లిప్పర్ రెండేండ్ల గుఱ్ఱములదే. 1200 మీటర్ల ఆ పరుగు ఒక నిమిషము పది సెకండ్ల ప్రాంతమున ముగియును. దాని బహుమతి ధనము మాత్రము లక్షల డాలర్లలో లెక్కించవలసినది.

వయస్సు లెక్కయు గుఱ్ఱమునకు అనుకూలమైనది కాదు. ఇంగ్లండు, అమెరికాలలో ఏ నెలలో పుట్టినను గుఱ్ఱమునకు జనవరి 1వ తేదీయే పుట్టినరోజు. 2022 ఏప్రిల్ చివర పుట్టిన పిల్లకు 2024 జనవరి 1న రెండేండ్లు నిండినట్లు పుస్తకములో వ్రాయుదురు. నిజమునకు దాని ప్రాయము ఇరువది నెలలు. అంతకు పూర్వమే, ఏడాదిన్నర ప్రాయమున, దానికి జీను, కళ్లెము అలవాటు చేసియుందురు. అమెరికాలో రెండవయేటి గుఱ్ఱముల వేలములు వసంతకాలమున జరుగును. కొనువారు చూచుటకై ఆ పిల్లలను ఒక ఫర్లాంగు దూరము, అనగా సుమారు రెండువందల మీటర్లు, పది సెకండ్ల ప్రాంతమున పరుగెత్తింతురు. పెద్ద పందెములలో సైతము ఎదిగిన గుఱ్ఱములు ఫర్లాంగుకు సగటున పండ్రెండు సెకండ్లు తీసికొనును. వేలములో ఒకటి రెండు పదవవంతుల సెకండు తేడాకు ధర ఎంతయో మారిపోవును.

మన ప్రాచీనుల లెక్క వేఱు. కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుని విధులను గూర్చిన ప్రకరణము కలదు. అందు గుఱ్ఱపు పిల్లకు నెలలను బట్టి, ఏండ్లను బట్టి పెట్టవలసిన దాణా కొలతలు చెప్పి, నాలుగేండ్లు లేక అయిదేండ్లు నిండిన పిమ్మట అది పూర్తి ప్రమాణమునకు వచ్చి పనికి తగియుండునని నిర్ణయించినాడు. కౌటిల్యుడు కరుణామయుడని పేరొందినవాడు కాడు, లెక్కల మనిషి. యుద్ధమున నిలువవలసిన గుఱ్ఱము ముందుగనే విఱిగినచో రాజుకు నష్టమని ఆయన లెక్క. అయినను యుద్ధముచేతను, రోగముచేతను, ముసలితనముచేతను క్షీణించిన గుఱ్ఱములను తిండి పెట్టి పోషింపవలెనని కూడ అచ్చటనే చెప్పినాడు.

ఇంతవఱకు చదివినవారు, పిన్నవయస్సున పరుగెత్తించుటయే పాపమని తీర్పు చెప్పి ముగింపవచ్చునని తలంతురు. సంగతి అంత సులభము కాదు. గుఱ్ఱపు కాలియెముక ఏమి చెప్పుచున్నదో వినవలసియున్నది.

గుఱ్ఱపు ఎముకలు క్రిందినుండి పైకి ముదురును. పెరుగు ఎముక చివర మృదులాస్థి పొర యొకటి ఉండును; పెరుగుదల ముగిసినపుడు అది గట్టిపడి ఎముకలో కలిసిపోవును. ముంగాలి మోకాటికి క్రిందనున్న పొడవైన ఎముకలో ఇది మొదటి సంవత్సరములోనే జరుగును. మోకాటికి పైనున్న ఎముకలో రెండు, రెండున్నర ఏండ్లు పట్టును. వెన్నెముక పూర్తిగ ముదురుటకు అయిదేండ్లు దాటును. మోకాటికి దిగువ గుఱ్ఱపు కాలిలో కండ లేదు. ఎముక, స్నాయువు, చర్మము మాత్రమే. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున పరుగెత్తునపుడు ప్రతి అంగలోను ఒక క్షణము ఒక్క ముంగాలిపైననే శరీరభారమునకు రెండున్నర రెట్లు పడును. గుఱ్ఱము తూకము నాలుగువందల యేబది కిలోలనుకొన్నను, టన్నుకు మించిన బరువును ఆ సన్నని ఎముక మోయవలెను.

అయితే ఎముక రాయి కాదు, బ్రదికియున్న పదార్థము. మోయు బరువును బట్టి తన్ను తాను మార్చుకొనునని 1892లో జర్మను వైద్యుడు యూలియస్ వోల్ఫ్ ప్రతిపాదించెను. బరువు పడినచోట దళసరియగును, పడనిచోట పలుచనగును. ఈ మార్పు జరుగునపుడు మొదట పాత ఎముకను కరగించు కణములు పనిచేయును, ఆపై క్రొత్త ఎముకను పోయు కణములు వచ్చును. కరగించుట కొన్ని వారములలో ముగియును. పూడ్చుటకు నెలలు పట్టును. ఈ నడిమి కాలములో ఎముక పైకి చక్కగనే కానవచ్చును, లోపల మాత్రము గుల్లగ ఉండును. ఇంటికి మరమ్మతు చేయువాడు పాతగోడను పడగొట్టి, క్రొత్త గోడ ఆరకముందే పైకప్పు వేయించినట్లుండును ఆ సమయమున గుఱ్ఱమును వేగముగ పరుగెత్తించుట.

అమెరికాలో శిక్షణలోనున్న పిల్లగుఱ్ఱములలో నూటికి సుమారు డెబ్బదింటికి మోకాటి దిగువ ఎముక ముందుభాగమున వాపు, నొప్పి వచ్చునని లెక్క కట్టిరి. దానిని చాలకాలము ఎదుగుదలలో సహజమైన బాధయని భావించిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యుడు డేవిడ్ నునమేకర్ దానిని పలు సంవత్సరములు పరిశీలించి, అది ఎముక అలసటయని చూపెను. ఆయన కనుగొన్న విషయము శిక్షకులను సైతము ఆశ్చర్యపఱచినది. పిల్లగుఱ్ఱమును మైళ్లకొలది మెల్లగ పరుగెత్తించినచో ఎముక మెల్లని పరుగుకే తగినట్లు రూపొందును. పందెపు వేగములో బరువు వేఱుదిక్కున పడును. అందువలన ఒక్కసారిగ వేగమునకు దించినపుడు ఎముక దెబ్బతినును. కొద్దికొద్ది దూరము వేగముగ, క్రమముగ పెంచుచు అలవాటు చేసి, దీర్ఘమైన మందపు పరుగులను తగ్గించినచో ఆ బాధ తగ్గినది.

న్యూజీలాండులో జరిగిన పరిశోధనలలో రెండవయేట శిక్షణ పొంది పందెమునకు దిగిన గుఱ్ఱములు, ఆలస్యముగ దిగినవానికంటె ఎక్కువ కాలము మైదానమున నిలిచినట్లు తేలినది. అమెరికా జాకీ క్లబ్బువారు 2008నుండి ప్రమాదముల లెక్క వ్రాయుచున్నారు. అందులోను పందెములో ప్రాణము కోల్పోవుట రెండేండ్ల గుఱ్ఱములలోనే తక్కువ. మఱియొక వింత యున్నది. రోజంతయు చిన్న కొట్టులో కట్టివేయబడిన పిల్లకు ఎముక పలుచనగును. పచ్చికలో తల్లివెంట గంతులు వేయు పిల్లకు గట్టిపడును. పని పెట్టకుండుటయే దయయని తలంచినవారి లెక్కయు ఇచ్చట తప్పుచున్నది.

అయితే ఈ లెక్కలను పట్టుకొని పందెపు నిర్వాహకులు తమకు నిర్దోషిత్వము లభించినదని చెప్పుకొనుట సరికాదు. రెండవయేట పందెమునకు దిగగలిగినవి ఆరోగ్యముగనున్న గుఱ్ఱములు. శిక్షణలోనే కుంటువడినవి పందెపు లెక్కలోనికి రానేరావు. పరీక్షకు కూర్చున్నవారినుండి మాత్రమే ఉత్తీర్ణుల శాతమును లెక్కకట్టి, మధ్యలో బడి మానినవారిని మఱచుట వంటిది ఇది. ఆ లెక్కలవలన నిజముగ తెలియునది ఒక్కటే. పిన్నవయస్సు కదలిక ఎముకకు మేలుచేయును. ఏ కదలిక, ఎంత, ఎన్నాళ్లకొకసారి, ఎంత విరామముతో అనునది వేఱు ప్రశ్న. జనవరి 1వ తేదీకిని, వేలపు తేదీకిని ఆ ప్రశ్నతో సంబంధము లేదు. ఒక్కొక్క గుఱ్ఱపు కాలు దానికి ఒక్కొక్క సమాధానము ఇచ్చును.

వెంటవెంట పరుగెత్తించుట విషయములోను తేలికైన సమాధానము లేదు. 1960లో అమెరికా గుఱ్ఱము సంవత్సరమునకు సగటున పదకొండు పందెములు పరుగెత్తెడిది. ఈ కాలమున ఆరుకు మించుట లేదు. పందెములు సగమునకు తగ్గినను కాళ్లు విఱుగుట ఆగలేదు. పందెమునాటి పరుగు ఒక్కటే పరుగు కాదు. ఉదయపు శిక్షణలో తీయించు వేగపు పరుగులన్నియు ఎముక తన పద్దులో వ్రాసికొనును. ప్రతి వేగపు పరుగులో కంటికి కానరాని సన్నని పగుళ్లు ఏర్పడును. విరామమున్నచో శరీరము వానిని బాగుచేసికొనును. విరామము లేనిచో ఒకదానితో ఒకటి కలిసికొనును. దీర్ఘవిశ్రాంతినుండి తిరిగివచ్చిన గుఱ్ఱమును ఆత్రముతో వేగమునకు దించినపుడు భుజపుటెముక విఱుగుట కాలిఫోర్నియాలో గమనింపబడినది. మనుష్యులు కాలెండరు చూచి విశ్రాంతి ముగిసినదందురు, ఎముకలోపల మరమ్మతు ఇంకను సాగుచుండును.

కాలిఫోర్నియా రాష్ట్రములో 1990నుండి పందెపు మైదానములందు మరణించిన గుఱ్ఱములన్నిటికిని డేవిస్‌లోని విశ్వవిద్యాలయపు వైద్యులు శవపరీక్ష జరుపుచున్నారు. ప్రేక్షకులు చూచినది ఒక్క క్షణములో జరిగిన ప్రమాదము. వైద్యులు చూచినది విఱిగినచోటనే అంతకు పూర్వమునుండి ఉన్న పాత గాయము. చాల గుఱ్ఱములలో ఇట్లే కానవచ్చినది. అనగా ఆ కాలు వారములకు ముందే మాటలాడినది. విన్నవారు లేరు, లేదా విని ఊరకున్నారు.

ఈ విషయమున రఫియన్ అను ఆడుగుఱ్ఱపు కథ చెప్పకతప్పదు. 1972లో పుట్టిన ఆ నల్లని గుఱ్ఱము పది పందెములలో దిగి పదింటను గెలిచినది. రెండవయేట దాని కాలియెముకలో సన్నని పగులు ఏర్పడగా విశ్రాంతినిచ్చిరి. 1975 జూలై 6న న్యూయార్కు దగ్గర బెల్మాంటు మైదానమున, ఆ యేటి కెంటకీ డెర్బీ గెలిచిన ఫూలిష్ ప్లెజర్ అను గుఱ్ఱముతో దానికి జోడుపందెము ఏర్పాటైనది. టెలివిజనులో కోట్లమంది చూచుచున్నారు. పరుగు సగముకూడ కాకమునుపే దాని కుడి ముంగాలి గిట్టకీలు వెనుకనున్న రెండు చిన్న ఎముకలు పగిలినవి. జాకీ కళ్లెము బిగించి ఆపజూచినాడు. అది ఆగలేదు. విఱిగిన కాలితోనే ముందుకు పరుగెత్తినది. ఆ రాత్రి శస్త్రచికిత్స చేసిరి. మత్తు వదలినపుడు అది పడుకొనియుండియే కాళ్లను పరుగెత్తినట్లు విదలించుచు, కట్టిన కట్టును పగులగొట్టుకొన్నది. ఇక దారి లేక దానికి ప్రాణవిముక్తి కలిగించిరి. పాతపగులు ఈ మరణమునకు కారణమని చెప్పుటకు ఆధారము లేదు. ఆ గుఱ్ఱము తన విఱిగిన కాలినుండియు ఆగవలెనని నేర్చుకొనజాలకపోయినది; అంతవఱకు నిజము.

పందెముల పక్షమున వాదించువారు తఱచు చెప్పు మాట ఒకటున్నది. గుఱ్ఱమునకు పరుగు ఇష్టము, ఇష్టములేనిచో అంత వేగముగ పరుగెత్తునా అందురు. ఇది అబద్ధము కాదు. పచ్చికబయలులో వదలిన గుఱ్ఱము కారణము లేకయే పరుగెత్తును. కాని అచ్చట ఆగుట కూడ దాని చేతిలోనే ఉన్నది. రెండు వందల గజములు పరుగెత్తి నిలిచిపోయి గడ్డి మేయును. మైదానములో మొదలుపెట్టుట, ఆగుట రెండును పరుల చేతిలో ఉన్నవి. పైగా గుఱ్ఱము వేటాడబడు జాతి. అడవిలో కుంటిన గుఱ్ఱమునే పులి ఎన్నుకొనును. అందువలన నొప్పిని దాచుకొనుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. గుంపులో వెనుకబడరాదను భయము దాని రక్తములోనిది. ఈ రెండు భయములను మనుష్యుడు పరుగునకు వాడుకొని, దానికి ఉత్సాహమని పేరుపెట్టుచున్నాడు.

నొప్పిని అణచు మందుల సంగతి ఇంతకంటె చింతింపదగినది. గుఱ్ఱమునకు మాట లేదు గాని భాష లేకపోలేదు. కుంటుట దాని భాష. గిట్టకీలు వేడెక్కుట, వాచుట, మేతకు ముఖము త్రిప్పుట దాని భాష. కీలులోనికి మందు ఎక్కించి పందెమునకు నిలిపినపుడు ఆ కొద్దిపాటి భాషను కూడ లాగివేసినట్లగును. ఆ పిమ్మట గుఱ్ఱము మారుమాటాడక పరుగెత్తినదనుట, నోరు కట్టి ఒప్పుకొన్నాడనుట వంటిది.

ఇంకొక వాదము కొంత బరువైనది. పందెములు లేనిచో ఈ జాతియే లేదు. వేలకొలది సైసులు, శిక్షకులు, జాకీలు, వారి కుటుంబములు దీనిపై బ్రదుకుచున్నవి. నిజమే. దానికి బదులుగ పందెములను మాన్పుమని చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. కాని పుట్టుకకు కారణమైనవాడు పుట్టిన ప్రాణిపై ఏమైన చేయవచ్చునను న్యాయము ఏ శాస్త్రములోను లేదు. పుట్టించినవానికి బాధ్యత హెచ్చునేగాని తగ్గదు. సైసు జీతముకూడ గుఱ్ఱపు కాలిపైననే ఆధారపడియున్నది. కాలు విఱిగిన దినమున మొదట కన్నీరు పెట్టువాడు ఆతడే. నిర్ణయములలో ఆతని మాటకే విలువ తక్కువ.

యజమాని శిక్షకుని నమ్మితిననును, శిక్షకుడు యజమాని తొందరపెట్టెననును, జాకీ ఎక్కుమన్న గుఱ్ఱమును ఎక్కితిననును, వైద్యుడు అడిగినంతవఱకు చెప్పితిననును. పందెము కాచినవాడు తనకు ఏ సంబంధమును లేదనుకొనును. అయితే మైదానమున నడచునదంతయు ఆతని రూపాయితోనే. ద్రోణపర్వములో రథికుడును సారథియు ఒకరిపై నొకరు నెట్టుకొనలేదు.

మన దేశములో 1960నాటి జంతుహింస నిరోధక చట్టము వయస్సుచేతగాని, రోగముచేతగాని, గాయముచేతగాని పనికి తగని జంతువుచేత పని చేయించుటను నేరముగ పరిగణించినది. వయస్సు అను మాట అందు మొదటనే ఉన్నది. 1996లో సర్వోన్నత న్యాయస్థానము గుఱ్ఱపు పందెము నైపుణ్యముతో కూడినదేగాని కేవలము జూదము కాదని తీర్పు చెప్పినది. అది మనుష్యుల మధ్య వ్యాజ్యము. గుఱ్ఱము అందులో కక్షిదారు కాదు. ముంబయి మహాలక్ష్మి మైదానమున జరుగు ఇండియన్ డెర్బీ నాలుగేండ్ల గుఱ్ఱములకు ఏర్పడినది. ఇంగ్లండు, అమెరికాల డెర్బీలు మూడేండ్లవానికి. తెలిసి చేసినను, తెలియక చేసినను ఈ ఒక్క విషయములో మన పందెము కౌటిల్యుని లెక్కకు దగ్గఱగ ఉన్నది.

తెలుగునాట బండలాగుడు పందెములను చూచినవారికి వయస్సు లెక్క క్రొత్త కాదు. పాలపండ్ల కోడెలు, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆఱుపండ్లవి అని పండ్లు చూచి విభాగములు చేయుదురు. చిన్నవానికి చిన్నబండ. ఆ పందెములలోను ముల్లుకఱ్ఱ, కొరడాల దోషము లేకపోలేదు; అయినను పాలపండ్ల కోడెను ముదురు ఎద్దుల బండకు కట్టినచో గ్రామమే ఒప్పుకొనదు. అచ్చట వయస్సును వ్రాసినది కాలెండరు కాదు, పశువు నోరే. గుఱ్ఱమునకును పండ్లు ఉన్నవి. రెండున్నర ఏండ్ల ప్రాంతమున గాని దాని ముందరి పాలపండ్లు ఊడుట మొదలుకాదు. అంతకు పూర్వమే అది పందెములలో గెలిచియుండవచ్చును, ఓడియుండవచ్చును.

అమెరికాలో కొన్ని మార్పులు వచ్చినవి. 2018 డిసెంబరునుండి 2019 జూన్ లోపల కాలిఫోర్నియాలోని శాంటా అనిటా మైదానమున ముప్పది గుఱ్ఱముల వఱకు మరణింపగా దేశమంతట కలవరము పుట్టినది. 2020లో పందెములకు జాతీయ చట్టము చేసిరి. 2022 జూలైనుండి దాని నియమములు అమలులోనికి వచ్చినవి. పందెమునకు ముందు ప్రతి గుఱ్ఱమును వైద్యుడు నడిపించి, పరుగెత్తించి చూడవలెను. మందులపై కట్టుబాట్లు పెరిగినవి. 2009లో వేయి పరుగులకు రెండు మరణములుండగా, 2023 నాటికి జాకీ క్లబ్బు లెక్కలో అది 1.32కు దిగినది. అదే 2023 వసంతకాలమున కెంటకీ డెర్బీ జరుగు చర్చిల్ డౌన్స్ మైదానమున కొన్ని వారములలో పండ్రెండు గుఱ్ఱములు మరణించుటచే అచ్చటి పందెములను జూన్‌లో మఱియొక చోటికి మార్చవలసి వచ్చినది. లెక్క తగ్గుట మేలే. తగ్గినదనగా ఇన్నాళ్లు తగ్గింపవీలైనదానిని తగ్గింపలేదని కూడ అర్థము.

చట్టము పరీక్ష దినమున పనిచేయును. మిగిలిన దినములలో పనిచేయవలసినది ఒక మనుష్యుని అఱచేయి. హైదరాబాదు మలక్‌పేటలోనైనను, మఱే మైదానములోనైనను, పందెపు గుఱ్ఱముల పని తెల్లవాఱకముందే మొదలగును. పరుగు ముగిసి, ఒడలు కడిగి, నడిపించి తెచ్చిన పిమ్మట శిక్షకుడు గుఱ్ఱపు ముందర మోకాళ్లపై కూర్చుండి, మోకాటినుండి గిట్టవఱకు ముంగాలిని నెమ్మదిగ తడవి చూచును. కుడికాలికిని ఎడమకాలికిని వేడిలో తేడా ఉన్నదా, నొక్కినచోట కాలు లాగుకొనుచున్నదా అని కనిపెట్టును. ఆదివారపు పందెమునకు పేరు ఇచ్చియుందురు. యజమాని చుట్టములను పిలుచుకొనియుండును. దాణా బాకీ పెరుగుచుండును. ఎడమకాలి ఎముకపై ఒక వ్రేలిమేర వెచ్చగ తగిలినది. గుఱ్ఱము చెవులు నిక్కించి, కళ్లెము కొఱుకుచు, మరల పరుగునకు సిద్ధముగ నిలిచియున్నది. శిక్షకుడు లేచి, ఆదివారము వద్దనియు, వైద్యుని పిలువుమనియు సైసుతో చెప్పి, యజమానికి ఏమి చెప్పవలెనో ఆలోచించుకొనుచు తరువాతి కొట్టువైపు నడచును.